ఆంగ్ల రచనయందు షష్ఠ్యంత సంబంధ సర్వనామము: తెలుగువారి దృష్టి

ఒక భాషను మాతృభాషగా గలవారు వేరొక భాషలో రచన చేయునపుడు వారికి కలుగు పొరపాట్లు యాదృచ్ఛికములు కావు. వానిలో పెక్కింటికి మూలము మాతృభాషయొక్క వాక్యనిర్మాణముననే యుండును. ఈ వ్యాసమున మేము అట్టి చిన్న విషయము నొకదానిని గైకొనుచున్నాము. ఆంగ్లమున 'హూజ్' అను షష్ఠ్యంత సంబంధ సర్వనామము కలదు. దానిని తెలుగు వాక్యరీతితో పోల్చి, తెలుగువారికి అది యేల కష్టమగుచున్నదో, ఆ కష్టము నెట్లు దాటవచ్చునో నిరూపించుట మా యుద్దేశము. పదమొక్కటియే యైనను, దానిని వాడువాడు రెండు వాక్యముల కలయికను, వానినడుమ నున్న స్వామ్య సంబంధమును ఒక్కమారుగా మనసున నుంచుకొనవలసి యున్నది.

తెలుగు శాఖవారి పత్రికలో ఆంగ్ల వ్యాకరణ విచారమేల యని కొందరు శంకింపవచ్చును. లింగంపల్లి పరిసరముల నెరిగినవారికి ఈ శంక నిలువదు. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము శేరిలింగంపల్లి ప్రాంతముననే, గచ్చిబౌలియందు నెలకొని యున్నది. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఈ చుట్టుపట్ల నేలయంతయు సాఫ్ట్‌వేరు సంస్థలకు నెలవైనది. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లలో లింగంపల్లి స్టేషనున ఎక్కి దిగు ఉద్యోగులలో ఇంటి మాట తెలుగును, వ్రాతమాట ఆంగ్లమును అయినవారు మెండు. వారు వ్రాయు లేఖలు, నివేదికలు, ఒప్పందములు ఆంగ్లముననే సాగును. అట్టి వ్రాతలయందు 'ఎవరిది?' అను ప్రశ్నకు సమాధానము తారుమారైనచో ఒకరి ఖాతాకు బదులు మరియొకరి ఖాతా మూతపడవచ్చును. ఒకరు చేయవలసిన సంతకము వేరొకరిపై బడవచ్చును. కావున ఇది కేవలము పరీక్షాపత్రములకు సంబంధించిన విషయము కాదు.

తెలుగు మార్గము: ధాతుజ విశేషణము

తెలుగున సహజమైన సంబంధ సర్వనామము లేదు. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును 1856లో ప్రకటించిన కాల్డ్వెల్ ఈ లక్షణమును ఆ భాషలన్నిటికిని సాధారణముగా నిరూపించెను. సంబంధ సర్వనామము చేయు పనిని మన భాషలో ధాతుజ విశేషణము చేయును. 'వచ్చిన బాలుడు', 'బాలుడు చదివిన పుస్తకము', 'బాలుడు కూర్చుండిన బల్ల', 'పండు కోసిన కత్తి' అను ప్రయోగములను పరిశీలింపుడు. మొదటిదానిలో విశేష్యము కర్త, రెండవదానిలో కర్మ, మూడవదానిలో అధికరణము, నాల్గవదానిలో కరణము. అయినను ఈ భేదమును తెలుపు విభక్తి ప్రత్యయ మొక్కటియు ఇచట కనబడదు. 'పండు కోసిన బాలుడు' అన్నపుడు బాలుడు కోయువాడనియు, 'పండు కోసిన కత్తి' అన్నపుడు కత్తి కోయుటకు సాధనమనియు శ్రోత తన లోకజ్ఞానముచేతనే గ్రహించును.

స్వామ్య సంబంధ విషయమునను తెలుగు ఇట్లే ప్రవర్తించును. 'ఇల్లు కాలిన రైతు', 'కాలు విరిగిన కుర్చీ', 'తండ్రి గతించిన బాలుడు', 'రంగు వెలసిన చీర', 'గడువు తీరిన చెక్కు' మొదలగునవి మనము నిత్యము వాడు మాటలే. కాలినది ఇల్లు; రైతు కాలలేదు. ఆ యిల్లు రైతుదే యని చెప్పు షష్ఠి ఇచట లేదు. అయినను ఏ తెలుగువానికిని సందేహము కలుగదు. ఆంగ్లమున 'హూజ్' అని బయటికి చెప్పవలసిన సంబంధమును తెలుగు అర్థమునకే విడిచిపెట్టుచున్నదని దీనివలన తేలుచున్నది.

అయితే ఈ సౌలభ్యమునకు మేర లేకపోలేదు. రెండు నియమములు ప్రధానముగా కనబడుచున్నవి. మొదటిది: స్వామ్యము గాఢమై యుండవలెను. శరీరావయవములు, బంధువులు, ఇల్లువాకిళ్లు, వస్తువుల భాగములు, గుణములు ఇట్టివి. 'తండ్రి గతించిన బాలుడు' అన్న అర్థమగును; కాని 'పొరుగువాడు వచ్చిన రైతు' అన్న వినువాడు తటపటాయించును. రెండవది: స్వామ్యముగల వస్తువు ఆ క్రియకు కర్తయై యుండవలెను. 'పొలము అమ్మిన రైతు' అన్నపుడు అమ్మినవాడు రైతే యగును. ఎవని పొలమును బ్యాంకు అమ్మెనో ఆ రైతు అను అర్థము దానికి ఎన్నటికిని రాదు. ఆ యర్థము కావలెనన్న 'పొలము అమ్ముడుపోయిన రైతు' అని క్రియను మార్చి, పొలమును కర్తను చేయవలెను. అప్పటికిని అమ్మినది బ్యాంకు అను సంగతి జారిపోవును.

ఇది తెలుగునకు మాత్రమే గల పరిమితి యని యెంచరాదు. కీనన్, కామ్రీ అను భాషాశాస్త్రజ్ఞులు 1977లో ప్రపంచ భాషల సంబంధ వాక్యములను పోల్చి ఒక సోపానక్రమమును ప్రతిపాదించిరి. దానిలో కర్త మొదటి మెట్టున, కర్మ రెండవ మెట్టున నుండగా, స్వామి చివరి మెట్టునకు కొంచెము పైన మాత్రమే యున్నాడు. అనగా కర్తను విశేష్యముగా చేయుట ఎల్ల భాషలకును సుకరము. స్వామిని విశేష్యముగా చేయుట పెక్కు భాషలకు దుష్కరము. తెలుగువాడు 'హూజ్' దగ్గర తొట్రుపడుటకు అతని మాంద్యము కారణము కాదని ఈ క్రమము తెలుపుచున్నది.

మరి రెండు మార్గములు

ధాతుజ విశేషణమునకు లొంగని యర్థమును చెప్పుటకు తెలుగున మరి రెండు మార్గములు కలవు. మొదటిది 'ఎవడు–వాడు' అను జంట. 'ఎవని పొలమును బ్యాంకు అమ్మెనో, ఆ రైతు వచ్చెను' అనునది ఈ రీతి. ఇది సంస్కృత యత్తచ్ఛబ్దముల ప్రయోగమునకు సమానమైనది. ప్రశ్నార్థక సర్వనామమునే గ్రహించి, క్రియాంతమున ఓకారమును చేర్చి దీనిని సాధింతుము. పోతన భాగవతమున గజేంద్రుడు భగవంతుని ప్రార్థించు సుప్రసిద్ధ పద్యము ఈ నిర్మాణముపైననే నిలిచినది. అచట 'ఎవ్వడు' అను పదము పలు రూపములతో మరల మరల వచ్చి, చివరకు తచ్ఛబ్దముతో ముడివడును. ఆంగ్లము సైతము తన ప్రశ్నార్థక పదములనే మధ్యాంగ్ల కాలమున సంబంధ సర్వనామములుగా మలచుకొనినది. కావున ఈ మార్గము తెలుగువానికి ఆంగ్లమునకు పోవు దగ్గరి త్రోవ.

రెండవది బహువ్రీహి సమాసము. తన యవయవములు గాక అన్యపదార్థము ప్రధానముగా గలది బహువ్రీహి యని మన వ్యాకరణములు చెప్పును. 'ముక్కంటి' అనగా మూడు కన్నులు గలవాడు. 'పచ్చవిల్తుడు' అనగా పచ్చని విల్లు గలవాడు. 'నీలకంఠుడు' అనగా నల్లని కంఠము గలవాడు. సంస్కృత విగ్రహవాక్యమున 'పీతమ్ అంబరం యస్య సః' అని విడదీయుదురు. ఇందలి 'యస్య' అను పదమే ఆంగ్లపు 'హూజ్'. ఇంతకంటె సరియైన సమానపదము దొరకుట యరుదు. పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులు ఆంగ్లమునందలి ఇట్టి సమాసములకు సైతము 'బహువ్రీహి' యను మన పేరునే నేటికిని వాడుచుండుట గమనింపదగినది.

దీనినుండి మేము సూచించు పరీక్ష యిది. వాక్యమును వ్రాయుటకు ముందు దానిని బహువ్రీహి విగ్రహమువలె మనసున విడదీయవలెను. 'ఎవని', 'ఎవరి', 'దేని' అను షష్ఠ్యంత రూపము వచ్చినచో ఆంగ్లమున 'హూజ్' నిలుపవలెను. 'ఎవడు' అని వచ్చినచో 'హూ'. 'ఎవనిని' అని వచ్చినచో 'హూమ్'. చిన్ననాట సమాసములకు విగ్రహము చెప్పిన విద్యార్థికి ఈ పరీక్ష క్రొత్తది కాదు.

ఆంగ్ల వాక్యమున దాని స్థానము

రెండు చిన్న వాక్యములను కలుపుట ద్వారా ఈ పదముయొక్క ప్రవర్తనను స్పష్టముగా చూడవచ్చును. 'ది ఫార్మర్ కేమ్', 'హిజ్ హౌస్ బర్న్‌ట్' అను రెండు వాక్యములున్నవి. రెండవదానిలోని 'హిజ్' అను పదమును తొలగించి ఆ చోటనే 'హూజ్' నిలిపినచో 'ది ఫార్మర్ హూజ్ హౌస్ బర్న్‌ట్ కేమ్' అని యేకవాక్యమగును. 'హిజ్' పోయినది; దాని స్థానమున 'హూజ్' వచ్చినది. రెండును కలసి యుండజాలవు.

స్వామ్యముగల వస్తువు కర్మయైనచో దానిని 'హూజ్'తో కూడ ముందునకు తేవలెను. 'ది బ్యాంక్ సోల్డ్ హిజ్ ఫీల్డ్' అను వాక్యము 'ది ఫార్మర్ హూజ్ ఫీల్డ్ ది బ్యాంక్ సోల్డ్' అని మారును. తెలుగు ధాతుజ విశేషణమునకు అసాధ్యమైన యర్థము ఇచట సుసాధ్యమైనది. విభక్త్యర్థక పదమున్నచో అదియు ముందునకు వచ్చును: 'ది ఫ్రెండ్ ఇన్ హూజ్ హౌస్ వుయ్ స్టేడ్'. దీనిని తెలుగున 'మేము ఎవరి యింట దిగితిమో ఆ మిత్రుడు' అనియే చెప్పవలెను. 'మేము ఇల్లు దిగిన మిత్రుడు' అన్న హాస్యాస్పద మగును.

మరియొక నియమము. 'హూజ్' వెంటనే నామవాచకము రావలెను. లేదా ఆ నామమునకు విశేషణము వచ్చి పిదప నామము రావలెను. 'ఏ', 'యాన్', 'ది' అను ఆర్టికల్ నడుమ రారాదు. 'హూజ్ ది హౌస్' అనుట తప్పు. 'హిజ్ ది హౌస్' అనరాదని తెలిసినవారికి ఇదియు తెలియవలసినదే.

తరచుగా కనబడు దోషములు

తెలుగు విద్యార్థుల రచనలయందు ఈ విషయమున కలుగు దోషములను నాలుగు తెగలుగా విభజింపవచ్చును.

మొదటిది సర్వనామ ద్విరుక్తి. 'ది బాయ్ హూ హిజ్ ఫాదర్ డైడ్', 'ది సిస్టమ్ విచ్ ఇట్స్ మెమరీ ఈజ్ ఫుల్' అనునవి యీ తెగలోనివి. వ్రాయువాడు సంబంధమును ఒక పదముతోను, స్వామ్యమును వేరొక పదముతోను చెప్పినాడు. రెండింటిని ఒకే పదము మోయగలదని మరచినాడు. 'హూజ్ ఫాదర్', 'హూజ్ మెమరీ' అన్న చాలును.

రెండవది షష్ఠీ లోపము. 'ది క్యాండిడేట్ ఫాదర్ ఈజ్ డెడ్ షుడ్ అప్లై' అని వ్రాసినవాని మనసున 'తండ్రి లేని అభ్యర్థి' అను తెలుగు పలుకుబడి మెదలుచున్నది. తెలుగున అర్థమునకు విడిచిన సంబంధమును ఆంగ్లమున కూడ అట్లే విడిచినాడు. ఆంగ్ల పాఠకుడు దానిని పూరింపడు. వాక్యము కుంటి దగును.

మూడవది లిపి దోషము. ఉచ్చారణలో 'హూజ్' ఒక్కటియే, వ్రాతలో రెండు. డబ్ల్యు, హెచ్, ఓ అను అక్షరముల పిదప అపాస్ట్రఫీ యను చిహ్నమును, ఎస్ అను అక్షరమును ఉంచినచో అది 'హూ ఈజ్' లేక 'హూ హాజ్' అనుదాని సంక్షేప రూపము. అపాస్ట్రఫీ లేక చివర ఎస్, ఈ అను రెండక్షరములు గలది షష్ఠ్యంత రూపము. నామవాచకములకు షష్ఠిని అపాస్ట్రఫీతో చేయుట నేర్చిన విద్యార్థి సర్వనామమునకును అట్లే చేయబోవుట సహజము. కాని 'హిజ్', 'హర్', 'ఇట్స్', 'అవర్', 'యువర్', 'దెయిర్' అను షష్ఠ్యంత రూపములలో దేనికిని ఆ చిహ్నము లేదు. 'హూజ్' కును లేదు. సందేహము కలిగినపుడు ఆ చోట 'హూ ఈజ్' అని విడదీసి చదువవలెను. అర్థము పొసగినచో అపాస్ట్రఫీ కావలెను, పొసగనిచో వలదు. ఈ దోషము చెవికి తెలియదు, కంటికే తెలియును. కావున బాగుగా మాటలాడువారు సైతము దీనికి లోనగుచున్నారు.

నాల్గవది అచేతనములయెడ సంకోచము. 'కాలు విరిగిన కుర్చీ' అనుదానిని 'ది చెయిర్ హూజ్ లెగ్ ఈజ్ బ్రోకెన్' అని వ్రాయుటకు పలువురు జంకుదురు. దీనిని ప్రత్యేకముగా విచారింపవలసి యున్నది.

అచేతనములకు 'హూజ్' చెల్లునా?

చెల్లును. ప్రాచీనాంగ్లమున 'ఎవడు' అను అర్థముగల 'హ్వా' అను పదమునకును, 'ఏది' అను అర్థముగల 'హ్వాట్' అను పదమునకును షష్ఠి రూపము ఒక్కటియే. నేటి 'హూజ్' దానినుండి వచ్చినది. కావున పుట్టుకచేతనే అది ఉభయలింగములకు చెందినది. మిల్టన్ 1667లో ప్రకటించిన 'పారడైజ్ లాస్ట్' కావ్యము తొలి పంక్తులలోనే దానిని ఫలవృక్ష విషయమున వాడెను. 18వ శతాబ్దమున రాబర్ట్ లోత్ మొదలగు లాక్షణికులు ఈ వాడుకను అనుచితమని తలచిరి. ఆ మాట పాఠశాలలలో నిలిచిపోయినది. 1926లో ఫౌలర్ తన ప్రయోగ నిఘంటువున ఆ నిషేధమును గట్టిగా ఖండించెను. నేటి ప్రామాణిక వ్యాకరణములు ఈ ప్రయోగమును సాధువుగానే యంగీకరించుచున్నవి.

తెలుగువానికి ఈ సంకోచము మరింత బలముగా నుండుటకు మన భాషయే కారణమని మేము తలచుచున్నాము. మహదమహద్భేదము తెలుగు వ్యాకరణమునకు పునాది. 'ఎవని', 'ఎవరి' అనునవి మహత్తులకు. 'దేని' యనునది అమహత్తులకు. 'హూజ్' అనగా 'ఎవరి' యని యొక్క యర్థమునే కంఠస్థము చేసినవాడు దానిని కుర్చీకి చేర్చుటకు వెనుదీయును. 'హూజ్' అనగా 'ఎవరి' యనియు, 'దేని' యనియు రెండర్థములను మొదటినుండియు నేర్పినచో ఈ చిక్కు పుట్టదు.

'ఆఫ్ విచ్' అను వేరొక మార్గమును కలదు: 'ది చెయిర్, ది లెగ్ ఆఫ్ విచ్ ఈజ్ బ్రోకెన్'. ఇదియు సాధువే, కాని బరువైనది. ఇచట నామమునకు ముందు ఆర్టికల్ వచ్చుటను, 'హూజ్' విషయమున రాకుండుటను గుర్తుంచుకొనవలెను. 'విచ్' అను పదమునకు అపాస్ట్రఫీని, ఎస్ అను అక్షరమును చేర్చి క్రొత్త సంబంధ షష్ఠిని కల్పించుట మాత్రము అసాధువు.

కామాయు, పూర్వపదమును

'హూజ్' సరిగా వ్రాసినను అర్థము చెడుటకు రెండు కారణములుండును. మొదటిది కామా. 'ది ఫార్మర్స్ హూజ్ క్రాప్స్ ఫెయిల్డ్ విల్ గెట్ రిలీఫ్' అన్నచో పంట పోయిన రైతులకు మాత్రమే సహాయము. 'ఫార్మర్స్' అను పదము పిదపను, 'ఫెయిల్డ్' అను పదము పిదపను కామాల నుంచినచో ప్రస్తుతులైన రైతులందరి పంటయు పోయినదనియు, అందరికిని సహాయము లభించుననియు అర్థము. తెలుగున 'పంట పోయిన రైతులు' అను మాట ఈ రెండర్థములకును సరిపోవును, ప్రకరణమే నిర్ణయించును. కావున తెలుగువాడు ఆంగ్లమున ఆ చిన్న గీతను అలంకారమని యెంచి, ఇష్టము వచ్చినట్లు పెట్టుటయో మానుటయో చేయును. లింగంపల్లి ప్రాంతపు కార్యాలయమున ఒకడు 'పాస్‌వర్డు గడువు తీరిన వినియోగదారుల ఖాతాలను మూయుడు' అను నాదేశమును ఆంగ్లమున వ్రాయు ననుకొందము. కామా లేనిచో కొన్ని ఖాతాలు మూతపడును. ఉన్నచో ఆ యాదేశము అన్ని ఖాతాలకును వర్తించును.

రెండవది పూర్వపదము. 'ది సన్ ఆఫ్ ది ఓనర్ హూజ్ సిగ్నేచర్ ఈజ్ బిలో' అను వాక్యమున క్రింది సంతకము కుమారునిదా, యజమానిదా? చెప్పజాలము. 'క్రింద సంతకము గల యజమాని కుమారుడు' అను తెలుగు మాటయందును ఇదే సందిగ్ధత కలదు. తెలుగున విశేషణము ముందు వచ్చుటచేతను, ఆంగ్లమున వెనుక వచ్చుటచేతను సందేహము తావు మార్చుకొన్నదే గాని తొలగిపోలేదు. 'ఏ యజమాని సంతకము క్రింద కలదో, వాని కుమారుడు' అన్న తెలుగున స్పష్టమగును. ఆంగ్లమున వాక్యమును రెండుగా విడదీసి, సంతకము చేసినవాని పేరు చెప్పుటయే మేలు. క్రయపత్రములయందును, ఒప్పందములయందును ఒక్క వాక్యమును పొదుపు చేయుటకై యొక హక్కును సందిగ్ధము చేయరాదు.

ఉపసంహారము

పై విచారమువలన తేలిన దిది. తెలుగు స్వామ్య సంబంధమును అర్థమునకు విడిచి, మాటలను పొదుపు చేయును. ఆంగ్లము దానిని ఒక పదమున నిలిపి, స్పష్టముగా చెప్పుమని కోరును. రెండును తమ తమ చోట్ల సమర్థములే. ఒకదాని యలవాటును వేరొకదానిపై మోపినపుడే దోషము పుట్టుచున్నది. ఆంగ్ల వ్యాకరణ గ్రంథములు సామాన్యముగా ఆంగ్లమునుండియే బయలుదేరును గనుక తెలుగువాని కష్టమునకు మూలమును చూపజాలవు. దానిని చూపగలవారు తెలుగు వాక్యమును శాస్త్రీయముగా పరిశీలించినవారే. ఈ విశ్వవిద్యాలయమునకు 1986 నుండి 1993 వరకు ఉపాధ్యక్షులుగా నుండిన భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌తో కలసి 1985లో ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణము ఆంగ్ల భాషలో నున్నది. అన్యభాషీయులకు తెలుగు వాక్యమును విప్పిచెప్పిన అట్టి కృషివలెనే, తెలుగువారికి ఆంగ్ల వాక్యమును తెలుగు మార్గమున విప్పిచెప్పు కృషియు జరుగవలసి యున్నది.

ఉన్నత పాఠశాలలలో బహువ్రీహిని బోధించు నుపాధ్యాయుడు 'ముక్కంటి'కి విగ్రహము చెప్పించిన పిదప, 'మూడు కన్నులు ఎవనికి కలవో అతడు' అని యొకసారి యనిపించి, ఆ 'ఎవనికి' అనుచోట ఆంగ్లమువారు 'హూజ్' వాడుదురని చెప్పినచో చాలును. ఒకే పాఠమున రెండు భాషలకును మేలు కలుగును. తెలుగు వ్యాకరణము పరీక్షతో ముగిసిపోవు విద్య యని తలచు విద్యార్థికి, అది రేపటి యుద్యోగమున తాను వ్రాయబోవు ఆంగ్ల లేఖకు సైతము ఉపకరించునని తెలిసివచ్చును.